స్కాన్ నార్మల్ అంటే చెవి నార్మల్ అని కాదు

సంపాదకులకు,

నమస్కారం. ఉన్నట్టుండి గదంతా గిర్రున తిరిగినట్టవడం, గంటల తరబడి తల ఎత్తలేకపోవడం, వాంతులు, ఒక చెవి దిబ్బడ వేసి హోరెత్తడం, ఆ చెవికి మాట సరిగ్గా అందకపోవడం, ఒకటి రెండు రోజుల్లో అంతా సర్దుకోవడం, కొన్ని వారాలు గడిచాక మళ్ళీ మొదటికి రావడం. ఈ బాధతో తిరిగేవారిలో చాలామంది చేతిలో ఒక ఎంఆర్‌ఐ రిపోర్టు ఉంటుంది. దాని చివర ‘చెప్పుకోదగ్గ లోపమేమీ కనిపించలేదు’ అని రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఇంట్లోవాళ్ళు ‘నీకే జబ్బూ లేదు’ అన్న తీర్పుగా తీసుకుంటారు, పనిచేసే చోట పైవాళ్ళు అలాగే తీసుకుంటారు, కొన్నిసార్లు వైద్యులమూ అలాగే తీసుకుంటాం. అంతా ఆందోళన వల్ల వచ్చిందనో, నరాల నీరసమనో సర్దిచెప్పి రోగిని పంపేస్తారు. తల, చెవి స్కాన్‌లు చూసి రిపోర్టులు రాయడమే వృత్తిగా ఉన్న రేడియాలజిస్టును కాబట్టి, ఆ వాక్యం ఎంతవరకు నమ్మదగినదో, ఎక్కడ ఆగిపోతుందో మీ పాఠకులకు వివరించాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లోపలి చెవి కపాలంలోని అతి గట్టి ఎముక మధ్య దాగి ఉంటుంది. వినికిడికి ఆధారమైన కాక్లియా రెండున్నర చుట్లు తిరిగిన నత్తగుల్ల ఆకారంలో, దాదాపు బఠాణీ గింజంతే ఉంటుంది. దాని వెనుక వెస్టిబ్యూల్ అనే చిన్న గది, ఆ వెనుక శరీర సమతూకాన్ని కనిపెట్టే మూడు అర్ధచంద్రాకార నాళాలు ఉంటాయి. ఈ మొత్తం గూటిలో రెండు వేర్వేరు ద్రవాలు పక్కపక్కనే ఉంటాయి. ఎముక గోడకు ఆనుకుని ఉండే పెరిలింఫ్‌లో సోడియం ఎక్కువ. దాని లోపల సన్నటి పొర సంచుల్లో ఉండే ఎండోలింఫ్‌లో పొటాషియం ఎక్కువ. ఈ తేడా వల్లనే వినికిడి కణాలకు పనిచేసే శక్తి వస్తుంది. కాక్లియాలో ఈ రెంటినీ వేరు చేసే రైస్నర్ పొర మందం రెండే రెండు వరసల కణాలు. లోపలి సంచుల్లో ద్రవం పెరిగి అవి ఉబ్బిపోయే స్థితిని ఎండోలింఫాటిక్ హైడ్రాప్స్ అంటారు. నేను పైన చెప్పిన బాధకు పేరుపడిన మీనియర్స్ వ్యాధిలో కనిపించే ముఖ్యమైన మార్పు ఇదే.

ప్రాస్పర్ మీనియర్ అనే ఫ్రెంచి వైద్యుడు ఇలాంటి తలతిరుగుడు మెదడు జబ్బు కాదని, దాని పుట్టుక లోపలి చెవిలో ఉందని 1861లో పారిస్‌లో వాదించాడు. అంతవరకు దాన్ని మెదడుకు రక్తం పోటెత్తడం కిందే జమకట్టేవారు. ఆయన మాటకు కంటికి కనిపించే రుజువు దొరకడానికి 1938 దాకా పట్టింది. లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్, జపాన్‌లో యమకావా ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఆ వ్యాధి ఉండి మరణించినవారి చెవి ఎముకలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి ఉబ్బిన సంచులను చూశారు. రుజువు దొరికినా, అది మరణించినవారిలోనే చూడగలిగిన రుజువు. లోపలి చెవి నుంచి ముక్క తీసి పరీక్షించడం కుదరదు. తీస్తే వినికిడి పోతుంది. అందుకే ఆ తర్వాత దాదాపు డెబ్భై ఏళ్ళ పాటు వైద్యులు రోగి చెప్పిన కథను, వినికిడి స్థాయిని గీతలో చూపే ఆడియోగ్రామ్‌ను, ఎలక్ట్రోకాక్లియోగ్రఫీ వంటి పరోక్ష పరీక్షలను నమ్ముకునే నిర్ణయాలు తీసుకున్నారు.

ఎంఆర్‌ఐ వచ్చాక కూడా ఈ లోటు తీరలేదు. తలతిరుగుడుకు సాధారణంగా చేసే మెదడు స్కాన్‌లో ఒక్కో కోత (అడ్డంగా కోసినట్టు తీసే చిత్రం) మందం దాదాపు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి చెవి దాదాపుగా ఒకటి రెండు కోతల్లో ఇమిడిపోతుంది. చెవి కోసం ప్రత్యేకంగా మిల్లీమీటరు కంటే తక్కువ మందంతో చిత్రాలు తీసినా, ద్రవాన్ని తెల్లగా చూపే ఆ చిత్రాల్లో పెరిలింఫ్, ఎండోలింఫ్ రెండూ ఒకే తెలుపులో కలిసిపోతాయి. మధ్యనున్న పొర ఏ యంత్రానికీ అందనంత పలచన. కాక్లియా చక్కగా చుట్లు తిరిగి కనిపిస్తుంది, వెస్టిబ్యూల్ నిండుగా కనిపిస్తుంది, సంచి ఉబ్బిందో లేదో మాత్రం తెలియదు. ఆ చిత్రాన్ని చూసి ‘నార్మల్’ అని రాయడం అబద్ధం కాదు. ఆ పరీక్ష అడిగిన ప్రశ్నకు అది నిజమైన జవాబే. రోగి అడిగిన ప్రశ్న వేరు.

ఇక్కడ, చిత్రంలో తేడాలు బాగా తెలిసేలా ఎక్కించే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ గురించి ఒక అపోహ ఉంది. ‘మాకు మందు ఎక్కించే స్కాన్ తీశారు, అందులోనూ ఏమీ లేదన్నారు’ అని చాలామంది అంటారు. మందు ఎక్కించారా లేదా అన్నది సగం విషయమే. ఎక్కించిన ఎంతసేపటికి చిత్రం తీశారన్నది మిగతా సగం. గాడోలినియం అనే లోహం కలిసిన మందును చేతి నరంలోకి ఎక్కించి కొన్ని నిమిషాల్లోనే తీసే చిత్రాలకు వాటి విలువ వాటికుంది. సమతూకపు నాడి మీద పెరిగే ష్వానోమా అనే గడ్డ, అది క్యాన్సర్ కాకపోయినా, మెల్లగా వినికిడిని తినేస్తుంది. కొద్ది మిల్లీమీటర్ల పరిమాణంలో ఉన్నప్పుడే ఈ చిత్రాల్లో వెలిగి బయటపడుతుంది. కాక్లియాలోనో వెస్టిబ్యూల్‌లోనో పుట్టే అరుదైన గడ్డలూ అంతే. వైరస్ వల్లనో బాక్టీరియా వల్లనో లోపలి చెవి వాచినప్పుడు ఆ వాపు, ముఖ నాడికి హెర్పిస్ సోకినప్పుడు ఆ నాడి వాపు ఈ చిత్రాల్లో తెల్లటి మెరుపుగా కనిపిస్తాయి. మందు ఎక్కించక ముందు తీసే చిత్రం కూడా అంతే ముఖ్యం. లోపలి చెవిలో రక్తస్రావం జరిగితే మందు లేకుండానే అక్కడ తెలుపు కనిపిస్తుంది కనుక, ముందు చిత్రం లేకపోతే రక్తాన్ని చూసి వాపు అనో గడ్డ అనో పొరబడే ప్రమాదముంది.

మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, వచ్చి తగ్గిన పిల్లల విషయం ఈ సందర్భంలో విడిగా చెప్పాలి. ఆ ఇన్ఫెక్షన్ లోపలి చెవికి పాకితే పూర్తి చెవుడు రావచ్చు. అంతటితో ఆగకుండా కాక్లియా లోపలి ఖాళీ ముందు పీచు కణజాలంతో, తర్వాత ఎముకతో పూడుకుపోవడం మొదలవుతుంది. పూర్తిగా పూడితే, వినికిడి తెప్పించడానికి అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ తీగను లోపలికి పంపడం చాలా కష్టమవుతుంది. సీటీ స్కాన్‌కు ఎముక ఏర్పడిన తర్వాతే ఈ మార్పు తెలుస్తుంది. ఎంఆర్‌ఐలో అయితే వాపు దశలోనే కాంట్రాస్ట్ మెరుపు, పీచు దశలో ద్రవపు తెలుపు తగ్గిపోవడం కనిపిస్తాయి. బిడ్డకు వినపడటం లేదని తెలిసిన వెంటనే ఈ స్కాన్ జరగాలి. ఇక్కడ ఆలస్యమైతే జీవితాంతం నష్టం.

మళ్ళీ హైడ్రాప్స్‌కు వస్తాను. 2007లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన నకాషిమా, నగనావా బృందం జీవించి ఉన్న మనిషి చెవిలో ఆ ఉబ్బును మొదటిసారి చూపించింది. వాళ్ళు గాడోలినియం మందును సెలైన్‌తో ఎనిమిది రెట్లు పలచన చేసి, కర్ణభేరి గుండా సన్నని సూదితో మధ్య చెవిలోకి ఎక్కించి, ఒక రోజు ఆగి 3 టెస్లా అయస్కాంత శక్తి గల యంత్రంలో ఫ్లెయిర్ అనే పద్ధతిలో చిత్రాలు తీశారు. మందు గుండ్రటి కిటికీ అనే పొర గుండా పెరిలింఫ్‌లోకి చేరింది, ఎండోలింఫ్‌లోకి వెళ్ళలేదు. ఆ తేడాయే ఈ పరీక్షకు ప్రాణం. తర్వాత 2010లో అదే బృందం చెవిలో సూది గుచ్చకుండా, చేతి నరంలోకి మామూలు మోతాదు ఎక్కించి నాలుగు గంటల తర్వాత చిత్రాలు తీసినా సరిపోతుందని చూపించింది. రక్తంలోని మందు లోపలి చెవి ద్రవంలోకి అంత త్వరగా చేరదు. రక్తానికీ ఆ ద్రవానికీ మధ్య ఒక కట్టడి ఉంది. మందు కొద్దికొద్దిగా జారుకుంటూ పెరిలింఫ్‌లో తగినంత పోగవడానికి ఆ నాలుగు గంటలు కావాలి. పది నిమిషాలకు తీసిన చిత్రంలో ఆ ద్రవం ఇంకా నల్లగానే ఉంటుంది. ఇప్పుడు ఎక్కువగా అమలులో ఉన్నది ఈ రెండో పద్ధతే, ఎందుకంటే ఒక్క ఇంజెక్షన్‌తో రెండు చెవులూ కనిపిస్తాయి.

తెర మీద అది ఎలా ఉంటుందో చెబితే విషయం తేలికగా అర్థమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న చెవిలో వెస్టిబ్యూల్ తెల్లటి గదిలా ఉంటుంది, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం మందు చేరిన పెరిలింఫ్. ఆ తెలుపులో రెండు చిన్న నల్లటి మచ్చలుంటాయి. ముందువైపున ఉన్న చిన్నది శాక్యూల్, వెనుకవైపున ఉన్న కాస్త పెద్దది యుట్రికిల్. మందు చొరబడని ఎండోలింఫ్ సంచులవి. జబ్బు మొదలైన చెవిలో ముందు శాక్యూల్ లావెక్కి యుట్రికిల్‌తో సమానమవుతుంది, లేదా దాన్ని మించిపోతుంది. ఇంకా ముదిరితే రెండు మచ్చలూ కలిసిపోయి, నలుపు గదినంతా ఆక్రమించి, అంచున తెల్లటి గీత మాత్రం మిగులుతుంది. కాక్లియాలో మామూలుగా సన్నగా కనీకనిపించకుండా ఉండే నల్లటి గీత తెల్లటి చుట్టులోకి పొంగుకొస్తుంది. నగోయా బృందం కొలమానం ప్రకారం వెస్టిబ్యూల్‌లో నలుపు మూడో వంతు దాటకపోతే మామూలు, మూడో వంతుకూ సగానికీ మధ్య ఉంటే స్వల్పం, సగం దాటితే తీవ్రం. దీనితోపాటు జబ్బు ఉన్న చెవిలో పెరిలింఫ్ రెండో చెవి కంటే తెల్లగా మెరవడం కూడా తరచుగా చూస్తాం. అక్కడ కట్టడి సడలి మందు ఎక్కువగా కారుతోందని దాని భావం. రెండు చెవులనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఏళ్ళ తరబడి ‘ఇదిగో ఈ చెవే’ అని రోగి చూపిస్తూ వచ్చిన వైపునే ఆ నలుపు కనిపిస్తుంటే, ఆ మనిషి ఇంతకాలం ఎవరూ నమ్మని నిజం చెబుతూ వచ్చాడని అర్థమవుతుంది. ఈ ఉత్తరం రాయాలన్న పట్టుదల నాకు అటువంటి చిత్రాల వల్లే కలిగింది.

ఇంత చెప్పాక, ఈ స్కాన్ అందరికీ చేయాలని నేను అనడం లేదని స్పష్టం చేయాలి. మీనియర్స్ వ్యాధి నిర్ధారణకు 2015లో అంతర్జాతీయ నిపుణుల సంఘాలు కుదుర్చుకున్న ప్రమాణాలు నేటికీ రోగి లక్షణాల మీద, వినికిడి పరీక్ష మీద నిలబడి ఉన్నాయి: 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా సాగే తలతిరుగుడు కనీసం రెండుసార్లు, తక్కువ లేదా మధ్యస్థ ఫ్రీక్వెన్సీ శబ్దాల్లో వినికిడి తగ్గినట్టు చూపే ఆడియోగ్రామ్, హెచ్చుతగ్గులవుతూ ఉండే హోరు లేదా దిబ్బడ లేదా వినికిడి. ఇవన్నీ సరిపోయినప్పుడు స్కాన్ లేకుండానే వైద్యం మొదలుపెట్టవచ్చు. పైగా సంచి ఉబ్బి ఉన్నా ఏ బాధా లేనివారు ఉన్నారని చనిపోయినవారి చెవి ఎముకల పరిశీలనల్లోనే తేలింది. ఒక వైపే జబ్బున్నవారి రెండో చెవిలో కూడా ఒక్కోసారి ఉబ్బు కనిపిస్తుంది. చిత్రంలో కనిపించిన నలుపుకు కాదు, మనిషికి వైద్యం చేయాలి.

అయితే నిర్ణయం తిరుగులేనిదైనప్పుడు ఈ చిత్రానికి విలువ చాలా పెరుగుతుంది. మందులకు లొంగని మీనియర్స్‌లో కొన్నిసార్లు యాంటీబయాటిక్ అయిన జెంటామైసిన్‌ను మధ్య చెవిలోకి ఎక్కిస్తారు. అది ఆ చెవి సమతూకపు కణాలను కావాలనే దెబ్బతీసే చికిత్స, వినికిడికీ ముప్పు ఉన్న చికిత్స. ఒక చెవిని అలా మూసేశాక, కొన్నేళ్ళకు రెండో చెవిలో అదే జబ్బు తలెత్తితే ఆ మనిషి చీకట్లో నడవలేడు, ఎగుడుదిగుడు నేల మీద నిలవలేడు. అటువంటి చికిత్సకు ముందు రెండో చెవి ఎలా ఉందో చూసుకోవడం అదనపు ఆడంబరం అనిపించుకోదని నా అభిప్రాయం. లోపలి చెవిని తీసివేసే శస్త్రచికిత్స విషయంలోనూ అంతే. మరో సందర్భం, మీనియర్స్‌నూ మైగ్రేన్ వల్ల వచ్చే తలతిరుగుడునూ వేరు చేయలేక వైద్యుడు సందిగ్ధంలో పడటం. రెండింటి కథలూ ఒకదానితో ఒకటి కలిసిపోతుంటాయి, మందులు మాత్రం వేరు. మైగ్రేన్ వారిలో ఈ ఉబ్బు కనిపించడం చాలా తక్కువ కనుక స్కాన్ తూకాన్ని ఒక వైపుకు మొగ్గేలా చేస్తుంది.

ఏ స్కాన్ అవసరం లేని తలతిరుగుడూ ఒకటుంది, అందరికంటే ఎక్కువమందికి వచ్చేది అదే. మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు ఒక నిమిషం లోపు కళ్ళు తిరిగి ఆగిపోతుంది. చెవిలోని సూక్ష్మమైన సున్నపు రేణువులు నాళంలోకి జారడం దీనికి కారణం. 1938లో హైడ్రాప్స్‌ను చూసిన హాల్‌పైక్, డిక్స్‌తో కలిసి 1952లో వివరించిన పరీక్షతో దీన్ని మంచం మీదే గుర్తించవచ్చు. తలను వరుసగా కొన్ని దిశల్లో తిప్పే ఎప్లీ పద్ధతితో చాలామందికి అక్కడికక్కడే తగ్గుతుంది. వీరిని ఎంఆర్‌ఐకి పంపడం డబ్బు, సమయం వృథా. దీనికి పూర్తిగా అవతలి కొసన, కళ్ళు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, వస్తువులు రెండుగా కనిపించడం, ఒక వైపు కాలో చెయ్యో బలహీనపడటం, ఆసరా లేకుండా నిలబడలేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. వారు వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళాలి. అక్కడ చేసే మెదడు స్కాన్ వేరు, నేను చెబుతున్న నాలుగు గంటల స్కాన్ వారికి పనికిరాదు. అలాగే మూడు రోజుల లోపు ఒక చెవి వినికిడి ఒక్కసారిగా పడిపోతే స్కాన్ తేదీ కోసం ఎదురుచూస్తూ కూర్చోకూడదు. ముందు ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి, వినికిడి పరీక్ష చేయించుకోవాలి, స్టెరాయిడ్ చికిత్స తగినదైతే తొలి రెండు వారాల్లోనే మొదలవ్వాలి. స్కాన్ ఆ తర్వాత గడ్డ వంటిది లేదని తేల్చుకోవడానికి.

గాడోలినియం భయం గురించి కూడా రాయకుండా ఉండలేను, ఎందుకంటే ఆ భయంతో అవసరమైన స్కాన్‌ను వద్దనేవారూ, ఆ ఊసే ఎత్తకుండా సంతకం పెట్టేవారూ నాకు తరచుగా తారసపడతారు. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే ఒక తీవ్రమైన జబ్బుకు ఈ మందుతో సంబంధముందని 2006లో బయటపడింది. పదేపదే ఎక్కించుకున్నవారి మెదడులో దాని ఆనవాళ్ళు మిగులుతున్నాయని 2014లో తెలిసింది. దానివల్ల జబ్బు వస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. గాడోలినియాన్ని బిగుతుగా పట్టి ఉంచని పాత రకం మందుల్లో పలు వాటి వాడకాన్ని ఐరోపా నియంత్రణ సంస్థ 2017లో నిలిపివేసింది. వలయాకారపు అణువులో బంధించిన కొత్త రకం మందులు చాలా సురక్షితమైనవి. స్కాన్‌కు ముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఫలితం చూపించడం, గర్భం ఉంటే చెప్పడం, లోగడ ఇలాంటి ఇంజెక్షన్ పడకపోతే చెప్పడం, పేస్‌మేకర్ గానీ కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఉంటే దాని కార్డు వెంట తీసుకురావడం రోగి వంతు. ఏ రకం మందు వాడుతున్నారో అడిగే హక్కు రోగికుంది, చెప్పాల్సిన బాధ్యత మాకుంది. మధ్య చెవిలోకి సూదితో ఎక్కించే పద్ధతికి ఈ మందుకు అధికారిక ఆమోదం లేదన్న సంగతి కూడా ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి.

ఆ నాలుగు గంటల విరామం రోగికి వింతగా అనిపిస్తుంది. ఇంజెక్షన్ చేసి ‘వెళ్ళి కూర్చోండి, మధ్యాహ్నం పిలుస్తాం’ అంటే ఏదో మరిచిపోయారేమో అని గాభరా పడతారు, కొందరు ఇంటికి వెళ్ళిపోతారు కూడా. ఎందుకు ఆగాలో రెండు ముక్కల్లో చెబితే చాలు, ఓపిగ్గా ఆగుతారు. ఆ తర్వాతి స్కాన్‌లో తల ఏమాత్రం కదలకూడదు. అంత చిన్న సంచి కోసం వెతుకుతున్నప్పుడు ఒక్క గుటక మింగినా చిత్రం చెదురుతుంది. యంత్రపు మోత ఎక్కువ, హోరుతో బాధపడే చెవికి అది ఇంకా ఎక్కువ. కాబట్టి చెవుల్లో ప్లగ్గులు, పైన హెడ్‌ఫోన్లు రెండూ పెట్టాలని సిబ్బందిని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

చివరిగా, మా వృత్తిలోని వారికీ, స్కాన్ రాసి పంపే వైద్యులకూ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. పంపే చీటీ మీద ‘తలతిరుగుడు, మెదడు ఎంఆర్‌ఐ’ అని మాత్రమే రాస్తే మేము మెదడునే చూస్తాం. ఏ చెవి, ఎంతకాలంగా, వినికిడి ఏ ఫ్రీక్వెన్సీ శబ్దాల్లో తగ్గింది, గడ్డ కోసమా, వాపు కోసమా, హైడ్రాప్స్ కోసమా అన్నది రాసి, ఆడియోగ్రామ్ జతచేస్తే దానికి తగిన పద్ధతి ఎంచుకోగలం. రిపోర్టు రాసే మేము కూడా ‘లోపమేమీ లేదు’ అని ముగించకుండా, ‘శ్రవణ నాడి మీద గడ్డ లేదు, ఎండోలింఫ్ సంచుల పరిమాణం ఈ పరీక్షలో తెలియదు’ అని ఏది చూశామో, ఏది చూడలేదో విడివిడిగా రాయాలి. ఆ రెండో వాక్యం రిపోర్టులో ఉంటే, దాన్ని చేతబట్టుకుని ఇంకో వైద్యుడి దగ్గరికి వెళ్ళే రోగిని ‘అంతా మీ ఊహే’ అని ఎవరూ వెనక్కి పంపలేరు.

భవదీయుడు,
ఒక రేడియాలజిస్టు